కంప్రెసర్‌కి ఏ ఆయిల్?

కారులో చల్లదనం తగ్గిందంటే మన నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది" అని. మెకానిక్ గేజీలు తగిలించి, ముల్లు చూసి, "అవునన్నా, తగ్గింది, పట్టేద్దాం" అంటాడు. ఎంత గ్యాస్, ఎంత డబ్బు అన్న దగ్గర మాటలు అయిపోతాయి. దాంతోపాటు లోపలికి ఏ ఆయిల్ వెళ్తోంది, ఎంత వెళ్తోంది అని అడిగేవాళ్లు అరుదు. ఇంజిన్ ఆయిల్ దగ్గర ఫలానా గ్రేడే కావాలని పట్టుబట్టే మనిషి కూడా ఏసీ ఆయిల్ దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒకటి వేస్తారులే" అని ఊరుకుంటాడు.

చిన్న కారు ఏసీలో ఉండే ఆయిల్ మొత్తం కలిపినా సాధారణంగా 80 నుంచి 150 మిల్లీలీటర్లు. వెనక సీట్ల వాళ్లకు కూడా వేరే కూలింగ్ కాయిల్ ఉన్న పెద్ద బండ్లకు ఇంకాస్త ఎక్కువ. కంప్రెసర్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఈ కొద్దిపాటి ఆయిల్ చేతిలో ఉంది. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, మళ్లీ నింపుకుంటే తిరిగి వస్తుంది. ఆయిల్ తప్పయితే కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు గ్యాస్ ఖర్చు ఒక లెక్కలోది కాదు.

ఇంజిన్‌లో ఆయిల్‌కి ఒక స్థిరమైన చోటుంది. అడుగున సంప్‌లో ఉంటుంది, డిప్‌స్టిక్ ముంచి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. కారు ఏసీలో ఆ ఏర్పాటు లేదు. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి బయటికి తోసినప్పుడు ఆ ఊపుకి ఆయిల్ కూడా సన్నని తుంపరగా మారి దాని వెంటే పోతుంది. కొన్ని కొత్త కంప్రెసర్లలో ఆయిల్‌ని అక్కడికక్కడే విడదీసి వెనక్కి పంపే చిన్న అర ఒకటి పెడుతున్నారు, అయినా కొంత తప్పించుకుని పోతూనే ఉంటుంది. పోయిన ఆయిల్ ఊరంతా తిరిగి మళ్లీ కంప్రెసర్ దగ్గరికి రావాలి. వస్తేనే పిస్టన్లకు, బేరింగులకు, షాఫ్ట్ సీలుకు తడి అందుతుంది.

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చూద్దాం. రామగుండంలోనో రెంటచింతలలోనో నడిమధ్యాహ్నం బండి నడుస్తోందనుకోండి. బయట 45 డిగ్రీలు. ఆ వేడి గాలికి తన వేడిని ఇచ్చి గ్యాస్ ద్రవంగా మారాలంటే కండెన్సర్‌లో అది 60 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆర్-134ఎ అనే గ్యాస్‌కి అంటే 225 పీఎస్ఐకి పైమాటే. అక్కడ ఆయిల్‌కి ఇబ్బంది లేదు, చుట్టూ వెచ్చటి ద్రవం ఉంది, అందులో కలిసి జారిపోతుంది. తేమని పీల్చే డ్రయర్ దాటి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని రంధ్రంలోంచి దూరి డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్లోకి పడ్డాక కథ మారుతుంది. పీడనం ఒక్కసారిగా 30 పీఎస్ఐ దగ్గరికి పడిపోతుంది, ఉష్ణోగ్రత సున్నా చుట్టుపక్కలకు దిగుతుంది. గ్యాస్ అక్కడ మరిగి ఆవిరై కంప్రెసర్ వైపు వెళ్లిపోతుంది. ఆయిల్ మరగదు. చల్లటి గొట్టం గోడకు అంటుకుని చిక్కబడుతుంది.

అక్కడి నుంచి అది వెనక్కి రావాలంటే కొంచెం గ్యాస్ దానిలో కరిగి ఉండాలి. కరిగిన గ్యాస్ ఆయిల్‌ని పలచన చేస్తుంది, పలచబడ్డ ఆయిల్‌ని వెనక నుంచి వచ్చే ఆవిరి తోసుకుపోతుంది. గ్యాస్‌తో కలవని ఆయిల్ అయితే కాయిల్లోనే పేరుకుంటుంది. అటు కాయిల్ గోడల మీద పూతలా నిలిచి చల్లదనాన్ని అడ్డుకుంటుంది, ఇటు కంప్రెసర్ ఎండిపోతుంది. అంచేత ఏసీ ఆయిల్‌కి పెట్టే మొదటి పరీక్ష జారుడుతనం కాదు, తన గ్యాస్‌తో కలిసి తిరగగలదా లేదా అన్నది. ఎంత ఖరీదైన ఇంజిన్ ఆయిల్ అయినా ఇక్కడ పనికిరానిది ఇందుకే.

ఈ సంగతి పరిశ్రమకు గట్టిగా తెలిసొచ్చింది 1990ల మొదట్లో. అంతకుముందు అరవై ఏళ్లు ఎవరూ దీని గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. 1930లో థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికా ఇంజినీరు ఒక కొత్త శీతలీకరణ గ్యాస్‌ని పీల్చి, దాన్నే కొవ్వొత్తి మీదికి వదిలి ఆర్పి, ఇది విషం కాదు, మండదు అని సభలో చూపించాడు.   ఆ గ్యాస్ తర్వాత ఆర్-12గా, ఫ్రియాన్‌గా ఇంటింటి ఫ్రిజ్‌లోకీ వచ్చింది. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో కంపెనీ బిగించిన ఏసీ మొదటిసారి అమ్మకానికి వచ్చింది. డిక్కీలో సగం ఆ యంత్రాలకే సరిపోయేది. కంప్రెసర్‌కి క్లచ్ లేదు. ఏసీ ఆపాలంటే బండి ఆపి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాల్సిందే.

ఆర్-12కి ముడి చమురు నుంచి తీసిన మామూలు మినరల్ ఆయిల్ చక్కగా సరిపోయింది. రెండూ హాయిగా కలిసేవి. పైగా ఆర్-12 అణువులో ఉన్న క్లోరిన్ ఇంకో మేలు కూడా చేసేది. లోహం మీద లోహం గట్టిగా ఒరుసుకునే చోట అది ఇనుముతో కలిసి పలుచని పొరలా ఏర్పడి అరుగుదలని ఆపేది. అంటే ఆయిల్ చేయాల్సిన పనిలో కొంత గ్యాసే చేసిపెట్టేది. మన దగ్గర డాష్‌బోర్డు కింద ఏసీ పెట్టె వేలాడదీసిన అంబాసిడర్లు నడిచిందీ ఈ జోడీ మీదే.

అదే క్లోరిన్ పైన ఓజోన్ పొరని తింటోందని 1974లో మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ చెప్పారు. 1987లో ఇలాంటి గ్యాసుల వాడకం మానుకునేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మనదేశం 1992లో అందులో చేరింది. క్లోరిన్ లేని ఆర్-134ఎ కార్లలోకి వచ్చింది. 1994 మోడళ్లకల్లా అమెరికాలో కొత్త కార్లన్నీ దానికి మారిపోయాయి, మనదేశంలో కూడా 2003 నుంచి కొత్త సరుకు తయారీలో పాత గ్యాస్ వాడకం ఆగింది. ఓజోన్‌కి గండం తప్పింది. కంప్రెసర్లకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఆర్-134ఎ మినరల్ ఆయిల్‌తో కలవదు. క్లోరిన్ లేదు కాబట్టి ఆ రక్షణ పొర కూడా ఏర్పడదు. రెండు పనులూ చేయగల ఆయిల్‌ని కొత్తగా తయారు చేసుకోవాల్సి వచ్చింది.

అలా వచ్చినదే పీఏజీ. పూర్తిపేరు పాలీఆల్కిలీన్ గ్లైకాల్. ఇది భూమిలోంచి తీసింది కాదు, ఫ్యాక్టరీలో గొలుసులా అల్లింది. మినరల్ ఆయిల్ గొలుసులో ఉండేవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పీఏజీ గొలుసులో కొన్ని కార్బన్లకొకటి చొప్పున ఆక్సిజన్ పరమాణువులు గుచ్చి ఉంటాయి. ఆక్సిజన్ దగ్గర కాస్త రుణావేశం పోగవుతుంది. ఆర్-134ఎ అణువులో కూడా ఫ్లోరిన్ వల్ల ఒకవైపు రుణావేశం, ఒకవైపు ధనావేశం మొగ్గు ఉంటుంది. అందుకే ఈ రెంటికీ పొత్తు కుదిరింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు, డీజిలు కార్లలో అత్యధిక భాగం ఆర్-134ఎ, పీఏజీ జోడీతోనే నడుస్తున్నాయి.

చిక్కేమిటంటే గ్యాస్‌ని దగ్గరికి తీసుకునే ఆ ఆక్సిజనే నీటిని కూడా దగ్గరికి తీసుకుంటుంది. పీఏజీ తన బరువులో నూటికి రెండు పాళ్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. మినరల్ ఆయిల్ పట్టుకునేది అందులో వందో వంతు కూడా ఉండదు. ముసురు రోజుల్లో మూత పెట్టని ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో మూత తీసిన పీఏజీ డబ్బా కూడా అంతే; తేడా ఏమిటంటే ఉప్పు తడిసిందని కంటికి తెలుస్తుంది, ఆయిల్ చూడటానికి నిన్నటిలాగే ఉంటుంది. కాకినాడలోనో విశాఖలోనో గాలిలో ఉండే తేమకు ఒక మూత సరిగా బిగించని లీటరు డబ్బా ఎంత సేపు నిలుస్తుందో చెప్పనక్కర్లేదు. చాలా షాపుల్లో అరమీద సగం వాడిన డబ్బా కనిపిస్తుంది. మూత మీద దుమ్ము, ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తుండదు. అందులోని ఆయిల్ కంపెనీది కావచ్చు, గ్రేడు కూడా సరైనదే కావచ్చు. అయినా బండిలో పోయదగ్గది కాదు. ఒక్కసారి వాడి పారేసే చిన్న డబ్బాలు కాస్త ఖరీదనిపించినా వాటినే అడగమనడం అందుకే.

లోపలికి చేరిన నీరు రెండు మూడు రకాలుగా హాని చేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర చలికి గడ్డకట్టి దారి మూసేస్తుంది. కాసేపు చల్లగాలి, కాసేపు మామూలు గాలి వచ్చే బండ్లలో కొన్నిటి రోగం ఇదే. వేడికి గ్యాస్‌తో, ఆయిల్‌తో చేరి ఆమ్లాలు పుట్టిస్తుంది, అవి అల్యూమినియాన్ని లోపల్నుంచి తొలుస్తాయి. దీనికి విరుగుడుగా గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పెడతారు. గాలి పీడనాన్ని మామూలు దానిలో పాతికో వంతుకు దించితే 30 డిగ్రీల దగ్గరే నీరు మరిగి ఆవిరవుతుంది, పంపు ఆ ఆవిరిని లాగేస్తుంది. అయితే అది విడిగా ఉన్న నీటి సంగతి. ఆయిల్‌లో కలిసిపోయిన నీరు అంత తొందరగా వదలదు. పది నిమిషాలు వాక్యూమ్ కొట్టి "అయిపోయింది సార్" అంటే లోపలి గాలి పోయి ఉంటుంది కానీ ఆయిల్ పట్టుకున్న చెమ్మ చాలావరకు అక్కడే ఉంటుంది. అరగంటకు తక్కువ కాకుండా పెట్టమనండి. పైపు విప్పి రెండు రోజులు అలా వదిలేసిన బండి అయితే డ్రయర్ కూడా మార్పించాలి.

పీఏజీ అని తెలిస్తే సరిపోదు. డబ్బా మీద 46, 100, 150 అని అంకెలుంటాయి. అది 40 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ చిక్కదనం, సెంటీస్టోక్స్ అనే కొలతలో. 46 అంటే అదే వేడిలో నీటికంటే దాదాపు 70 రెట్లు చిక్కన. ఏ కంప్రెసర్‌కి ఏది అన్నది దాని లోపలి సందుల మీద ఆధారపడుతుంది. వంపుగా తిరిగే పళ్లెం పిస్టన్లను ముందుకీ వెనక్కీ ఆడించే రకం మన కార్లలో ఎక్కువ. వాటికి చాలామంది తయారీదార్లు 46 చెబుతారు. అవసరాన్ని బట్టి పళ్లెం వంపు తానే మార్చుకునే కంప్రెసర్లలో గ్యాస్ పీడనంతో పనిచేసే చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. దాని దారులు సన్నగా ఉంటాయి కాబట్టి చిక్కటి ఆయిల్ అక్కడ ఇబ్బంది పెడుతుంది. రెక్కలు గోడకు ఒరుసుకుంటూ తిరిగే రోటరీ రకాలకు, కొన్ని పాత భారీ కంప్రెసర్లకు అంతకంటే చిక్కటిది కావాలి.

"మన ఎండలకు చిక్కటిదే మంచిది, 46 బదులు 100 వేద్దాం" అనేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ఆయిల్ లెక్క ఇక్కడికి తెచ్చిపెట్టడమే ఇది. కంప్రెసర్ లోపల ఉండేది అచ్చమైన ఆయిల్ కాదు, గ్యాస్ కరిగి పలచబడ్డ ఆయిల్. ఎంత పలచబడుతుందో లెక్కగట్టే తయారీదారు 46 అన్నాడు. చిక్కటిది పోస్తే ఆర్-134ఎతో దాని కలివిడి తగ్గుతుంది, కాయిల్ నుంచి వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. ఎండను బట్టి గ్రేడు మార్చే ఆనవాయితీ ఏసీకి లేదు. రామగుండానికీ, సిమ్లాకీ అదే కారులో అదే ఆయిల్.

ఆ తయారీదారు మాట ఎక్కడుంటుంది? బానెట్ ఎత్తితే లోపలి వైపునో, రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ మీదో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, కొన్నిట్లో ఆయిల్ రకం కూడా రాసి ఉంటాయి. అక్కడ లేకపోతే కంప్రెసర్ ఒంటి మీది లేబుల్ చూడాలి. డెన్సో కంప్రెసర్ అయితే ఎన్‌డీ-ఆయిల్ 8 అనో, ఎన్‌డీ-ఆయిల్ 12 అనో ఉంటుంది. 8 అన్నది ఆర్-134ఎకి వాడే పీఏజీ, 12 అన్నది కొత్త గ్యాస్‌కి వాడే పీఏజీ, 11 అని ఉంటే అసలు పీఏజీయే కాదు. లేబుల్ చెరిగిపోతే సర్వీస్ మాన్యువల్ ఉంది. పక్కవాడి బండి కూడా అదే కంపెనీది కదా అని దాన్ని చూసి పోయించడం మాత్రం వద్దు. ఒకే మోడల్‌లో పెట్రోలు బండికీ డీజిలు బండికీ వేర్వేరు కంప్రెసర్లు ఉన్న సందర్భాలు ఉన్నాయి.

ఈ 11 దగ్గర కాసేపు ఆగాలి. రాబోయే రోజుల్లో ఎక్కువ నష్టం జరగబోయేది ఇక్కడే అని నా అనుమానం.

మామూలు కారులో కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఎలక్ట్రిక్ కారులో, చాలా హైబ్రిడ్ కార్లలో తిప్పడానికి బెల్టు ఉండదు. కంప్రెసర్ లోపలే ఒక మోటారు ఉంటుంది, దానికి పెద్ద బ్యాటరీ నుంచి కొన్ని వందల వోల్టుల కరెంటు వస్తుంది. 2003లో వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్‌తో ఈ ఏర్పాటు జనంలోకి వచ్చింది. మోటారు రాగి చుట్టలకు విడిగా గది లేదు. గ్యాస్, ఆయిల్ ఆ చుట్టల మధ్య నుంచే పోతాయి, వాటిని చల్లబరిచేదీ అవే. అంటే వందల వోల్టులు నడిచే తీగలు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. తీగలకు ఎనామెల్ పూత ఉంది నిజమే. ఆ పూతలో వెంట్రుక మందం పగులు ఉన్నా, తీగ కొసలు అతికిన చోటైనా, కరెంటుని ఆపాల్సింది ఆయిలే.

పీఏజీ ఆ పని చేయలేదు. నీటిని ఆకర్షించే గుణమే దాన్ని ఆయిళ్లలో కాస్త కరెంటు పారనిచ్చే రకంగా చేసింది. అందుకే ఈ కంప్రెసర్లలో అత్యధికం పీఓఈ, అంటే పాలీఓల్ ఎస్టర్ అనే ఇంకో రకం వాడతాయి. ఎన్‌డీ-ఆయిల్ 11 ఆ రకమే. పీఓఈలో ఒక్క శాతం పీఏజీ కలిసినా కరెంటుని ఆపే శక్తి బాగా పడిపోతుందని తయారీదార్లు హెచ్చరిస్తారు. బండిలో హై వోల్టేజీ ఎక్కడైనా బాడీలోకి కారుతోందేమో అని ఎప్పుడూ కాపలా కాసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది ఈ తేడాని పసిగట్టి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. కొన్ని బండ్లు అసలు కదలనని మొరాయిస్తాయి. యజమాని దృష్టిలో జరిగింది ఏసీ గ్యాస్ పట్టించడం. ఫలితం మాత్రం కారు స్టార్ట్ కాకపోవడం.

పీఏజీ ఎలా కలుస్తుంది? ఎవరో డబ్బా మార్చి పోస్తేనే కానక్కర్లేదు. పొద్దున్నే పెట్రోలు కారుకి తగిలించిన గేజీల గొట్టాలనే మధ్యాహ్నం ఎలక్ట్రిక్ కారుకి తగిలిస్తే చాలు. పసుపు, నీలం, ఎరుపు గొట్టాల లోపలి గోడలకు ఆయిల్ అంటుకుని ఉంటుంది. లీకు కనిపెట్టే రంగు మందు కూడా పీఏజీలో కలిపినదే కావచ్చు. ఎలక్ట్రిక్ బండ్లకు విడి గొట్టాలు, విడి మెషీన్ పెట్టుకోమని చెప్పేది అందుకే. పైగా ఈ కార్లలో కొన్నింట్లో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే ఏసీ గ్యాస్. కంప్రెసర్ పోతే చెమటలు పట్టడంతో ఆగదు, ఫాస్ట్ ఛార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది. పీఓఈకి కూడా ఒక బలహీనత ఉంది. అది పీఏజీ అంత నీటిని పట్టదు గానీ, పట్టిన నీటితో చర్య జరిపి తిరిగి ఆమ్లంగా, ఆల్కహాల్‌గా విడిపోతుంది. తేమ విషయంలో దీనికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఏసీ బస్సుల పెద్ద కంప్రెసర్లు వేరే కుటుంబం. వాటికి సంప్ ఉంటుంది, మట్టం చూసుకోవడానికి గాజు కన్ను ఉంటుంది, ఆర్-134ఎతోనే నడిచినా వాటిలో పీఓఈ వాడటం మామూలే. లారీ క్యాబిన్లకు కూడా 2025 నుంచి మనదేశంలో ఏసీ తప్పనిసరి అయింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇకమీదట ఒకే షెడ్డులో పీఏజీ బండీ, పీఓఈ బండీ పక్కపక్కన నిలబడతాయి.

కొత్త గ్యాస్ అన్నాను కదా, అది ఆర్-1234వైఎఫ్. ఆర్-134ఎ ఓజోన్‌ని ఏమీ చేయదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 1430 రెట్లు. కారులో ఉండే 450 గ్రాములు గాల్లోకి వదిలేస్తే సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చినంత. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఎ నిషేధం, దాని బదులు వచ్చిందే 1234వైఎఫ్. 1234వైఎఫ్ అణువులో ఒక ద్విబంధం ఉంది, గాల్లోకి పోతే త్వరగా విరిగిపోయేది దాని వల్లే. త్వరగా విరిగే గుణం కంప్రెసర్ లోపల కూడా కొంత ఉంటుంది కాబట్టి దానికి గొలుసు రెండు కొసలూ మూసిన, స్థిరత్వం పెంచిన పీఏజీ వాడతారు. పాత పీఏజీ 46 కూడా 46యే కదా అని ఇందులో పోయకూడదు. ఇక్కడ అంకె ఒకటే, ఆయిల్ వేరు.

ఇక బజారులో "యూనివర్సల్" అని ఒక డబ్బా దొరుకుతుంది. ఏ గ్యాస్‌కైనా, ఏ కంప్రెసర్‌కైనా అంటారు. వాటిలో చాలావరకు పాలీఆల్ఫాఓలెఫిన్ అనే ఆయిల్ ఆధారంగా చేసినవి. దానికి నీటి దాహం లేదు, అది మంచిదే. ఆర్-134ఎతో కలవదు, అది మొదటి పరీక్షలోనే తప్పడం. ఎక్కువ రకాలు నిల్వ పెట్టుకోనవసరం లేదు కాబట్టి షాపుకి ఆ డబ్బా సుఖం గానీ, బండికి కాదు. పీఓఈని అందరికీ పనికొచ్చే ఆయిల్‌గా అమ్మడం కూడా ఉంది. దానికి ఒక న్యాయమైన చోటుంది: ఆర్-12 కాలపు పాత బండిని ఆర్-134ఎకి మార్చేటప్పుడు. గొట్టాల్లో మిగిలిపోయిన మినరల్ ఆయిల్‌తోనూ, కొత్త గ్యాస్‌తోనూ అది సర్దుకుంటుంది. ఆ పాత క్లోరిన్ మిగులు పీఏజీకి పడదు. మీ దగ్గర అలాంటి పాతకాలపు కారు ఉంటే సరే.

సరైన ఆయిల్ దొరికాక ఎంత పోయాలన్న ప్రశ్న మిగులుతుంది, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కంప్రెసర్ మార్చే సందర్భం చూడండి. కొత్త కంప్రెసర్ సాధారణంగా సిస్టమ్ మొత్తానికి సరిపడా ఆయిల్ లోపలే పోసుకుని వస్తుంది. 120 మిల్లీలీటర్లు అనుకుందాం. తెలిసిన మెకానిక్ ముందుగా పాతదాన్ని విప్పి, మూతి కిందికి పెట్టి, ముందున్న క్లచ్ పలకని చేత్తో తిప్పుతూ చుక్క చుక్క కొలగ్లాసులోకి దించుతాడు. తొందరపడితే అది దిగదు, సన్నని దారాలుగా జారుతుంది. 60 వచ్చిందనుకోండి. లీకు లేని బండి అయితే మిగతా 60 ఎక్కడికీ పోలేదు, కండెన్సర్‌లో, కాయిల్లో, పైపుల్లో ఉంది. కాబట్టి కొత్తదాంట్లోంచి కూడా దాదాపు 60 తీసేసి, పాతదాంట్లో ఉన్నంతే ఉంచి బిగిస్తాడు. తెలియనివాడు కొత్తదాన్ని అలాగే బిగిస్తాడు. 180 అవుతుంది. మిగులు ఆయిల్ కాయిల్ గొట్టాల్లో చేరి వేడి మార్పిడిని అడ్డుకుంటుంది, పీడనం పెంచుతుంది. ఒక్కోసారి ముద్దగా వచ్చి కంప్రెసర్‌లో పడుతుంది. గ్యాస్‌ని నొక్కగలరు గానీ ద్రవాన్ని నొక్కలేరు, వాల్వ్ రేకులు విరుగుతాయి. కొత్త కంప్రెసర్ వేశాక కూలింగ్ ముందుకంటే తగ్గిందనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

కండెన్సర్ ఒక్కటే మారిస్తే సుమారు 30, 40 మిల్లీలీటర్లు, కూలింగ్ కాయిల్‌కి దాదాపు అంతే లేదా కాస్త ఎక్కువ, డ్రయర్‌కి 10, 20 కలుపుతారు; అచ్చమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఉత్తగా గ్యాస్ తగ్గి నింపుతుంటే, పైపు అతుకు దగ్గర దుమ్ము పట్టిన జిడ్డు మరక ఉందేమో చూడాలి. గ్యాస్ కారిన చోట ఆయిల్ కూడా కారుతుంది. మరక ఉంటే లీకు అక్కడే, ఆయిల్ కొంత పోయినట్టే. మరక లేకుండా నెమ్మదిగా ఏళ్ల మీద తగ్గిన గ్యాస్‌కి ఆయిల్ కలపాల్సిన పని దాదాపు ఉండదు. నింపేముందు ఉన్న గ్యాస్‌ని గాల్లోకి బుస్సుమని వదిలేసే అలవాటు మాత్రం ఆయిల్‌ని నురగలా బయటికి లాక్కొస్తుంది. గాలికి చెరుపు సంగతి ఎలాగూ చెప్పుకున్నాం, ఎంత ఆయిల్ పోయిందో లెక్క తెలియకుండా పోవడం రెండో నష్టం. మెషీన్‌తో తీస్తే అది ఎంత ఆయిల్ వచ్చిందో కూడా చూపిస్తుంది, అంతే తిరిగి పోస్తే సరి. ఆయిల్ ముందే కలిపి అమ్మే గ్యాస్ క్యాన్లు ప్రతి ఏడూ కొట్టించుకుంటే, ప్రతి ఏడూ ఆయిల్ పెరుగుతూనే పోతుంది.

పాత కంప్రెసర్ నుంచి దించిన ఆయిల్‌ని తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేయించి మీరే చూడండి. తేటగా, లేత పసుపులో ఉంటే మంచిది. రంగు మందు వేసి ఉంటే ఆకుపచ్చ తగులుతుంది. నల్లగా, మాడిన వాసనతో ఉంటే ఆయిల్ చాలక వేడెక్కి కాలింది. వెలుతురుకి తిప్పితే వెండి మెరుపులు కనిపిస్తే అది అల్యూమినియం పొడి, కంప్రెసర్ తనను తానే అరగదీసుకుంది. ఈ చివరి రెండింట్లో కంప్రెసర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం లేదు. ఇప్పటి కండెన్సర్ల గొట్టాల్లో దారులు మిల్లీమీటరు చుట్టుపక్కల వెడల్పున ఉంటాయి, అందులో ఇరుక్కున్న పొడిని ఏ ఫ్లషింగూ పూర్తిగా కడగలేదు. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చాలన్న మెకానిక్ మిమ్మల్ని దోచుకుంటున్నాడని అనుకోకండి. మార్చకపోతే ఆ పొడే తిరిగొచ్చి కొత్త కంప్రెసర్‌ని కొరుకుతుంది. అవన్నీ మార్చి మిగతా పైపులు కడిగినప్పుడు పాత ఆయిల్ ఎక్కడా మిగలదు కాబట్టి 120కి 120 పోయాల్సింది అప్పుడే.

సంక్రాంతి చలిలో ఏసీ జోలికే పోనివాళ్లు కూడా వారానికోసారి ఓ పది నిమిషాలు వేసి తిప్పితే మంచిది. కంప్రెసర్ ముందున్న షాఫ్ట్ సీలుకి ఆయిల్ తడి తగలకపోతే అది ఎండి, ఏప్రిల్‌లో మొదటిసారి వేయగానే గ్యాస్ వదులుతుంది. ఇక షాపులో బిల్లు రాసేటప్పుడు "ఏసీ సర్వీస్" అని ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, ఆయిల్ రకం, దాని అంకె, ఎన్ని మిల్లీలీటర్లు తీశారు, ఎన్ని పోశారు, ఇవి రాయించుకుని కారు పుస్తకంలో పెట్టండి. వచ్చే వేసవిలో బానెట్ ఎత్తేది ఇంకో మెకానిక్ కావచ్చు, అతనికి ఈ లెక్క కావాలి.